తొలి స్టాంపు చెక్కిన చెయ్యి

మనదేశం నలుమూలలా చెల్లిన మొట్టమొదటి తపాలా బిళ్ళ లండన్ నుంచి ఓడలో దిగలేదు. కలకత్తాలోనే పుట్టింది. దాన్ని అచ్చు వేయించిన దొర పేరు చరిత్రలో పదిలంగా ఉంది. రాగిరేకు మీద రాణి బొమ్మ చెక్కిన కళాకారుడి పేరు మాత్రం స్పెల్లింగు దగ్గరే చిక్కుకుపోయింది!

స్టాంపులు పోగుచేసే అలవాటున్న వాళ్ళకి స్టాన్లీ గిబ్బన్స్ కేటలాగు పంచాంగం లాంటిది. ఏ దేశం, ఏ ఏడు, ఏ రంగు, ఏ కాగితం... అన్నీ అందులో చూసుకుంటే గానీ వాళ్ళకి నమ్మకం కుదరదు. ఆ లావుపాటి పుస్తకంలో ఇండియా పేజీ తెరిస్తే 1854 నాటి స్టాంపుల దగ్గర చిన్న అక్షరాల్లో ఓ వాక్యం కనిపిస్తుంది. ఈ స్టాంపుల మూల అచ్చును చెక్కింది మణిరుద్దీన్ అని. ఆ పేరు పక్కనే, పేరు స్పెల్లింగు రూఢిగా తెలియదని ఓ ముక్క.

ఇంకొన్ని పాత పుస్తకాలు చూస్తే ఆయనే 'నుమెరొహుద్దీన్' అయిపోయాడు. ఉచ్చారణ బట్టి చూస్తే మునీరుద్దీన్ అయ్యుండాలి. మనిషి ఒక్కడే. పనీ ఒక్కటే. పేర్లే మూడు!

ఇందులో వింతేముంది అనుకోవచ్చు. ఇంగ్లిషు గుమాస్తాల చెవిన పడితే మచిలీపట్నం 'మసూలిపటం' అయింది. విశాఖపట్నం 'విజాగపటం' అయింది. ఏలూరు 'ఎల్లోర్' అయింది. ఊళ్ళకే దిక్కులేనప్పుడు మనుషుల పేర్లు ఎలా నిలుస్తాయి? అయితే ఊళ్ళు ఎక్కడికీ పోవు కాబట్టి వాటి అసలు పేర్లు మళ్ళీ తెచ్చుకోగలిగాం. మనిషికి ఆ అవకాశం లేదు.

అదే లండన్ సంగతి చూడండి. 1840 మే నెలలో ప్రపంచంలోనే తొలి స్టాంపు 'పెన్నీ బ్లాక్' వచ్చింది. దాని వెనకున్న వాళ్ళందరి పేర్లూ పొల్లుపోకుండా దొరుకుతాయి. విక్టోరియా రాణి 1837లో లండన్ నగరానికి విచ్చేసిన సందర్భానికి గుర్తుగా పతకం చేసినవాడు విలియం వయాన్. ఆ పతకం చూసి బొమ్మ గీసినవాడు హెన్రీ కార్బోల్డ్. దాన్ని ఉక్కు మీద చెక్కింది చార్లెస్ హీత్, ఆయన కొడుకు ఫ్రెడరిక్. ఫ్రాన్స్ మొదటి స్టాంపు 1849లో వచ్చింది. దాన్ని చెక్కిన జాక్ జాన్ బార్ పారిస్ టంకశాలలో పెద్ద శిల్పి. దక్షిణాఫ్రికాలో కేప్ కాలనీ వాళ్ళు 1853లో మూడుమూలల స్టాంపు తెచ్చారు. దాని రూపకర్త చార్లెస్ బెల్, అక్కడి సర్వేయర్ జనరల్. ఆయన వేసిన వర్ణచిత్రాలు కూడా భద్రంగా ఉన్నాయి.

మరి మన మునీరుద్దీన్? ఆయన పనిచేసిందీ సర్వే ఆఫీసుకే. మిగిలింది మాత్రం చేతిపని ఒక్కటే. ఆ చేతిపని కథే ఇది.

పావు తులం ఉత్తరం

స్టాంపులు రాకముందు ఉత్తరం రాయడం కలవారి ముచ్చట. దూరాన్ని బట్టి రుసుము ఉండేది. వారన్ హేస్టింగ్స్ కాలంలో, 1774లో, వంద మైళ్ళకి రెండణాలు... అంటే మన పెద్దల లెక్కలో ఓ బేడ. 1837లో చట్టం మార్చారు గానీ దూరం లెక్క మాత్రం పోలేదు. తులం బరువు లోపు ఉత్తరం కలకత్తా నుంచి బొంబాయి చేరాలంటే ఒక రూపాయి. ఆ రోజుల్లో రూపాయంటే మాటలు కాదు.

ఇంగ్లండులో పెన్నీ తపాలా విజయం చూశాక ఇక్కడా ఆలోచన మొదలైంది. 1850లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ముగ్గురు సభ్యులతో కమిషన్ వేసింది. దూరంతో పనిలేకుండా బరువును బట్టి ఒకే రుసుము, డబ్బు ముందే కట్టినట్టు గుర్తుగా స్టాంపు... ఇదీ వాళ్ళ సలహా. గవర్నర్ జనరల్ డల్హౌసీకి అది నచ్చింది. ఆయన హయాంలోనే 1853లో తొలి ప్రయాణికుల రైలు నడిచింది. టెలిగ్రాఫ్ తీగలూ లేచాయి. తపాలా సంస్కరణ మూడోది.

1854 చట్టం ప్రకారం పావు తులం లోపు ఉత్తరానికి అర్ధణా. అర తులం అయితే అణా. పెషావర్ అయినా ఒకటే, పక్క ఊరైనా ఒకటే. రూపాయికి 16 అణాలు కాబట్టి రూపాయి ఖర్చయ్యే చోట అందులో 32వ వంతుతో పని జరిగిపోతుందన్నమాట! స్టాంపు అంటించకుండా పంపితే, అందుకున్నవాళ్ళు రెట్టింపు కట్టాలి. పావు తులం అంటే మూడు గ్రాములు కూడా ఉండదు. బంగారం తూచినట్టు ఉత్తరం తూచేవారు. అందుకే పల్చటి కాగితం మీద చీమల బారులా అక్షరాలు కిక్కిరిసేలా రాసేవారు.

అంతా బాగానే ఉంది. మరి స్టాంపులేవీ?

మైనం బిళ్ళలు, సింహం బొమ్మ

ఈ విషయంలో సింధు అందరికంటే ముందుంది. అక్కడి కమిషనర్ బార్టిల్ ఫ్రియర్ 1852 జులై 1న సొంతంగా అర్ధణా స్టాంపులు తెచ్చాడు. ఆసియాలో అవే మొదటివి. గుండ్రంగా, చుట్టూ 'సిండ్ డిస్ట్రిక్ట్ డాక్' అని ఉబ్బెత్తు అక్షరాలతో ఉండేవి. మొదట వచ్చిన ఎర్ర బిళ్ళలు లక్కతో చేసినట్టు పెళుసుగా ఉండి, పటుక్కున విరిగిపోయేవి. తర్వాత తెల్ల కాగితం మీద, నీలం రంగులో కూడా చేశారు. అయితే అవి సింధు టపాకే పరిమితం.

దేశమంతటికీ స్టాంపులు చేసే పని కలకత్తా టంకశాలకి అప్పగించారు. అక్కడి కర్నల్ ఫోర్బ్స్ సింహం, తాటిచెట్టు బొమ్మతో నమూనా కూడా సిద్ధం చేశాడు. చూడ్డానికి బాగానే ఉంది. తీరా లెక్క వేసుకుంటే టంకశాల యంత్రాలతో కావలసినన్ని సకాలంలో తయారుచేయడం అయ్యే పని కాదని తేలింది. నాణేలు కొట్టే యంత్రాలు కాగితం ముందు చేతులెత్తేశాయి.

అప్పుడు రంగంలోకి దిగాడు కెప్టెన్ హెన్రీ థుయిలియర్. డిప్యూటీ సర్వేయర్ జనరల్. ఆయన వృత్తి భూమి కొలవడం, మ్యాపులు వేయించడం. స్టాంపులతో ఏ సంబంధమూ లేదు. అయితే ఆయన ఆఫీసులో మ్యాపులు అచ్చు వేయడానికి రాతి ముద్రణ సరంజామా ఉంది. దాన్నే లిథోగ్రఫీ అంటారు. మ్యాపు అచ్చు వేసే రాయి మీద స్టాంపు ఎందుకు వేయకూడదు?

ఈ రాతి ముద్రణ మన ఇళ్ళకు కొత్తదేమీ కాదు. 1894లో రవివర్మ బొంబాయిలో ప్రెస్సు పెట్టి లక్ష్మీ సరస్వతుల పటాలు ఇంటింటికీ చేర్చింది ఈ పద్ధతిలోనే. స్టాంపుల కథ దానికి నలభై ఏళ్ళ ముందుది.

రాగి మీంచి రాతి మీదికి

రాతి ముద్రణ కిటుకు చాలా చిన్నది. నూనె, నీరు కలవవు. అంతే! నునుపుగా చేసిన సున్నపురాయి మీద జిడ్డు సిరాతో బొమ్మ దించుతారు. రాయిని తడుపుతారు. తడి ఉన్నచోట సిరా అంటదు, జిడ్డు బొమ్మ ఉన్నచోటే పట్టుకుంటుంది. పైన కాగితం వేసి ఒత్తితే బొమ్మ దిగుతుంది.

కానీ షీటు నిండా ఒకే రకం బొమ్మలు కావాలి. అర్ధణా నీలం షీటులో 96 స్టాంపులు. ఒక్కోటీ చేత్తో గీస్తే తొంభై ఆరు రకాల రాణులు తయారవుతారు. అందుకే ముందు ఒకే ఒక్క మూల అచ్చు కావాలి. రాగిరేకు మీద సన్నటి ఉలితో చెక్కిన అచ్చు. దాన్నుంచి ప్రత్యేకమైన కాగితం మీదికి జిడ్డు సిరాతో నకళ్ళు తీస్తారు. వాటిని వరసగా పేర్చి రాతి మీదికి దింపుతారు. మునీరుద్దీన్ చేసింది ఆ రాగి అచ్చు.

ఆ పనిలో తిరకాసు ఏమిటో తెలియాలంటే ఓసారి అద్దంలో పుస్తకం చదివి చూడాలి. రాగి మీద బొమ్మ ఎడమ కుడిగా, కుడి ఎడమగా ఉండాలి. దాని నకలు కాగితం మీద సవ్యంగా వస్తుంది. ఆ కాగితం రాతి మీద మళ్ళీ తిరగబడుతుంది. రాతి మీంచి అచ్చు తీసినప్పుడు చివరికి సరిగ్గా వస్తుంది. అంటే పైన 'ఇండియా', కింద 'హాఫ్ అణా' అనే ఇంగ్లిషు అక్షరాలతో సహా మొత్తం తిరగేసి చెక్కాలన్నమాట. అదీ బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్ద జాగాలో!

ఇక రాణి బొమ్మ. ఎడమవైపు తిరిగిన పడుచు ముఖం, తలమీద కిరీటం, వెనక కొప్పు. విక్టోరియా రాణి తన జీవితంలో ఎన్నడూ ఇండియాలో అడుగు పెట్టలేదు. అయినా చూడని మనిషి ముఖం గీయడం మునీరుద్దీన్ ఒక్కడి కష్టమే కాదు. లండన్‌లో కార్బోల్డ్ కూడా పతకం చూసే కదా గీశాడు. కాకపోతే తెల్లవాళ్ళ ముఖాలు రోజూ చూసేవాడికీ, కలకత్తాలో మ్యాపుల మధ్య పనిచేసేవాడికీ తేడా ఉంటుంది. ముక్కు కొంచెం వంకరపోతే రాణి కాస్తా వేరెవరో అయిపోతుంది. చెక్కిన గీతను చెరపడమూ తేలిక కాదు.

ఇందులో ఇంకో చిత్రం కూడా ఉంది. అప్పటికి ఇండియాను ఏలుతున్నది రాణి కాదు, కంపెనీ. పాలన బ్రిటిష్ రాణి చేతికి వెళ్ళింది 1858లో. కానీ నాలుగేళ్ళ ముందే ఆవిడ ముఖం స్టాంపుల మీదికి వచ్చేసింది. ఆ స్టాంపులు వేసిన కాగితంలో నీటిగుర్తుగా ఉన్నది మాత్రం ఈస్టిండియా కంపెనీ రాజముద్రే! షీటు మొత్తానికి ఒకే పెద్ద గుర్తు కాబట్టి ఒక్కో స్టాంపులో దాని ముక్క ఏదో కొంచెం కనిపిస్తుంది. పైకి రాణి, వెలుతురుకి పట్టి చూస్తే కంపెనీ.

ఇంగిలీకం దెబ్బ

మొదట అనుకున్న అర్ధణా స్టాంపు రంగు ఎరుపు. దాని చుట్టూ ఉన్న అంచులో చిన్న చిన్న ఆర్చీలు ఉంటాయి. పక్క అంచులో లెక్కపెడితే తొమ్మిదిన్నర. అందుకే సేకరణకర్తలు దీన్ని 'తొమ్మిదిన్నర ఆర్చీల స్టాంపు' అంటారు. 1854 ఏప్రిల్‌లో ముద్రణ మొదలైంది. కొంత సరుకు బొంబాయికి కూడా పంపారు.

ఇంతలో సిరాకి వచ్చిపడింది చిక్కు. ఆ ఎరుపు ఇంగ్లండు నుంచి తెప్పించిన ఇంగిలీకం. అది నిండుకుంది. ఓడలో మళ్ళీ వచ్చేదాకా ఆగే వ్యవధి లేదు. సరే, మన బజారులో దొరికే ఇంగిలీకమే వాడదామన్నారు. ఆ రంగు పడగానే రాతి మీది బొమ్మ పాడైపోవడం మొదలెట్టింది! ఇంటి సరుకు కదా అని నమ్ముకుంటే అసలుకే మోసం వచ్చింది.

థుయిలియర్ ఇక ఎరుపు జోలికి పోలేదు. రంగు మార్చాడు, బొమ్మా మార్పించాడు. మే నెలలో నీలం అర్ధణా అచ్చులో పడింది. ఈసారి అంచులో ఆర్చీలు ఎనిమిది. అణా స్టాంపుకి వేరే ఎరుపు కుదిరింది. రెండణాల ఆకుపచ్చ స్టాంపును మాత్రం టంకశాల వాళ్ళు రాగి దిమ్మెలతో వేసిచ్చారు.

రాతికి ఓ బలహీనత ఉంది. వాడగా వాడగా బొమ్మ మసకబారుతుంది. మళ్ళీ కొత్తగా దించుకోవాలి. దించేటప్పుడు గీతలు చెదిరితే చేత్తో దిద్దాలి. అలా దిద్దినచోటల్లా ఓ కొత్త తేడా పుట్టేది. లండన్‌లో ఉక్కు దిమ్మెల మీద తేలిగ్గా అయిపోయే పనికి కలకత్తాలో పదే పదే ఆర్టిస్టు చెయ్యి పడాల్సి వచ్చేది.

1854 అక్టోబరు 1న దేశమంతటా కొత్త రుసుములు, కొత్త స్టాంపులు ఒక్కసారిగా అమల్లోకి వచ్చాయి. అప్పటికి దేశంలో తపాలా కార్యాలయాలు 700 పైచిలుకు. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. కాబట్టి మన రాజమండ్రి, బందరు, కడప నుంచి వెళ్ళే ఉత్తరాలకీ ఈ కలకత్తా స్టాంపులే గతి. నిజాం ప్రభుత్వం సొంత స్టాంపులు తెచ్చుకున్నది 1869లో. 1871 నుంచి వచ్చిన నిజాం స్టాంపుల మీద విలువను తెలుగులో కూడా వేశారు. మునీరుద్దీన్ స్టాంపు మీద మాత్రం ఇంగ్లిషు ఒక్కటే.

ఆ స్టాంపులకి అంచున చిల్లులు లేవు. వెనక జిగురూ లేదు. కత్తెర పట్టుకుని కత్తిరించుకోవాలి, బంక రాసి అంటించుకోవాలి. అడ్డదిడ్డంగా కత్తిరించి అంచులు పోగొట్టిన జనం, పాపం, ఆ అంచుల కోసం వందేళ్ళ తర్వాత వేలంపాటల్లో కొట్టుకుంటారని ఎలా ఊహిస్తారు!

తలకిందులైన రాణి

పావలా స్టాంపు కథ వేరు. బరువైన ఉత్తరాలకి పెద్ద విలువ స్టాంపు కావాలి. థుయిలియర్ దాన్ని రెండు రంగుల్లో వేయించాడు. ఎర్ర చట్రం, మధ్యలో నీలం రాణి. ప్రపంచంలో రెండు రంగులతో వచ్చిన తొలితరం స్టాంపుల్లో ఇదొకటి. 1854 అక్టోబరు మధ్యలో బయటికొచ్చింది. మొదట్లో షీటుకి 12 మాత్రమే. అంటే షీటు ఖరీదు మూడు రూపాయలు.

రెండు రంగులంటే రెండుసార్లు అచ్చు. ఒక రంగు వేశాక షీటు ఆరబెట్టి, రెండో రంగు కోసం మళ్ళీ సరిగ్గా అదే చోట అమర్చాలి. వెంట్రుకవాసి జరిగినా రాణి ముక్కు చట్రానికి తగులుతుంది. ఒకచోట ఏమైందో... షీటును తలకిందులుగా పెట్టేశారు. రాణి శీర్షాసనం వేసింది!

ఆ పొరపాటు ఎవరూ పట్టుకోలేదు. తపాలా కార్యాలయంలో అమ్మేశారు. కొన్నవాళ్ళు అంటించేశారు. గుమాస్తాలు ముద్ర గుద్దేశారు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1874లో, లండన్‌లోని స్టాంపు సేకరణకర్తల సంఘం సమావేశంలో గానీ ఆ సంగతి బయటపడలేదు. ఈనాటికి దొరికినవి ముప్ఫైకి అటూ ఇటూగా ఉంటాయి. అన్నీ వాడినవే. వాడనిది ఒక్కటీ దొరకలేదు. పైగా ఈ స్టాంపు చట్రం ఎనిమిది పలకలుగా ఉండటంతో చాలామంది ముచ్చటపడి ఆ ఆకారంలోనే కత్తిరించారు. ఎంత పొందిగ్గా కత్తిరిస్తే అంత విలువ తగ్గింది!

విచిత్రం ఏమిటంటే ప్రపంచం ఈ స్టాంపులను గుర్తుపెట్టుకున్నది అచ్చు పనివాళ్ళ ఆ ఒక్క పొరపాటుతోనే. తలకిందులైన రాణి గురించి వ్యాసాలున్నాయి, పుస్తకాల్లో అధ్యాయాలున్నాయి. సవ్యంగా ఉన్న రాణిని చెక్కిన వాడి గురించి ఒక్క వాక్యం.

అదే శాఖలో మరో పేరు

సర్వే శాఖలో పేరు మరుగున పడింది మునీరుద్దీన్‌ది ఒక్కడిదే కాదు. అదే రోజుల్లో అదే శాఖలో ప్రధాన గణకుడిగా పనిచేశాడు రాధానాథ్ సిక్దార్. హిమాలయాల్లో 15వ నంబరు శిఖరమే ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తని 1852లో లెక్క కట్టింది ఆయన బృందమే. ఆ శిఖరానికి పెట్టింది మాత్రం మాజీ సర్వేయర్ జనరల్ ఎవరెస్ట్ పేరు.

ఇక్కడ మళ్ళీ థుయిలియర్ వస్తాడు. 1851లో ఆయన, కెప్టెన్ స్మిత్ కలిసి సర్వే మాన్యువల్ వేశారు. గణిత భాగాల్లో సిక్దార్ సాయాన్ని ముందుమాటలో మెచ్చుకున్నారు. 1870లో సిక్దార్ పోయాడు. 1875లో మూడో ముద్రణ వచ్చింది. ముందుమాటలో సిక్దార్ పేరు లేదు! ఆయన రాసిన భాగాలు మాత్రం ఉన్నాయి. మర్నాటి ఏడాది ఓ ఇంగ్లిషు పత్రిక దీన్ని గట్టిగా దులిపేసింది. తెల్లజాతి అధికారుల్లోనే కొందరు ఇది అన్యాయమని గొంతెత్తారు.

అలాగని థుయిలియర్ పనితనాన్ని తక్కువ చేయక్కర్లేదు. టంకశాల వల్ల కాని పనిని, నెలల వ్యవధిలో, కాలం చెల్లే రాళ్ళతో, అయిపోయే సిరాతో నెగ్గుకొచ్చాడు. ఆయన లేకపోతే 1854 అక్టోబరు 1 వాయిదా పడేదే. ఆ తర్వాత 1861లో సర్వేయర్ జనరల్ అయ్యాడు. 'సర్' బిరుదూ వచ్చింది. 1906 దాకా బతికాడు. కానీ సిక్దార్ సంగతి చూశాక, మునీరుద్దీన్ పేరు పక్కన ఉన్న ఆ సందేహం వట్టి స్పెల్లింగు సమస్యగా అనిపించదు. సిక్దార్ చదువుకున్నవాడు, పెద్ద ఉద్యోగి. ఆయన పేరే ముద్రణలో ఎగిరిపోయినప్పుడు ఉలి పట్టుకునే పనివాడి పేరు ఇంతవరకైనా మిగలడమే గొప్ప.

రాతి స్టాంపులకి ఆయుష్షూ తక్కువే. 1855 నుంచే లండన్‌లోని డి లా రూ కంపెనీ స్టాంపులు ఓడల్లో దిగడం మొదలైంది. చిల్లులున్నాయి, జిగురుంది, ఒక్కోటీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంది. ఇక కలకత్తా రాళ్ళు మళ్ళీ మ్యాపుల పనిలోకి వెళ్ళిపోయాయి. ఆ తర్వాత డెబ్భై ఏళ్ళపాటు ఇండియా స్టాంపులు ఇంగ్లండులోనే అచ్చయ్యాయి. 1925లో నాసిక్‌లో సెక్యూరిటీ ప్రెస్సు పెట్టాకే మన స్టాంపు మళ్ళీ మన గడ్డ మీద తయారైంది.

కొప్పులో గీతలు

తమాషా ఏమిటంటే డి లా రూ వాళ్ళ స్టాంపులు ఎంత శుభ్రంగా ఉన్నా, సేకరణకర్తల మనసు మాత్రం ఆ కలకత్తా రాళ్ళ మీదే. 1907లో హాస్‌బర్గ్, స్టూవర్ట్ విల్సన్, క్రాఫ్టన్ కలిసి బ్రిటిష్ ఇండియా స్టాంపుల మీద పెద్ద పుస్తకమే వేశారు. తర్వాత స్మిథీస్, మార్టిన్ అనే ఇద్దరు రాతి స్టాంపుల వెంట పడ్డారు. స్మిథీస్ ఇండియాలో అటవీ అధికారి. పగలు అడవుల్లో చెట్లు లెక్కపెట్టే మనిషి, తీరిక దొరికితే భూతద్దంతో స్టాంపుల మీద గీతలు లెక్కపెట్టేవాడన్నమాట. ఒక్క పావలా స్టాంపు మీదే 1930లో ఆ జంట ఓ పుస్తకం తెచ్చింది.

1954లో స్టాంపు శతాబ్ది వచ్చింది. తపాలా శాఖ నాలుగు స్టాంపులు విడుదల చేసింది. నాటి టపా రవాణా, పావురం, విమానం... ఇలా ఉత్తరాన్ని మోసినవన్నీ వాటి మీదికెక్కాయి. 2004 జూన్‌లో సర్వే శాఖ గౌరవార్థం వేసిన స్టాంపుల్లో రాధానాథ్ సిక్దార్ బొమ్మ వచ్చింది. మాన్యువల్‌లో పేరు తీసేసిన నూట ఇరవై తొమ్మిదేళ్ళకి ఆయన ముఖం దేశమంతా తిరిగింది.

ఇప్పటికీ ఎవరి చేతికైనా పాత నీలం అర్ధణా స్టాంపు దొరికితే ముందుగా చేసే పని భూతద్దం తీయడం. అంచులో ఆర్చీలు లెక్కపెడతారు. ఎనిమిదా, తొమ్మిదిన్నరా? తర్వాత రాణి కొప్పు చూస్తారు. నీడ కోసం చెక్కిన గీతలు విడివిడిగా ఉన్నాయా, ముద్దగా కలిసిపోయాయా? దాన్ని బట్టే అది మొదటి అచ్చా, రెండోదా, మూడోదా అని తేలుస్తారు. అణా స్టాంపుల్లో అయితే మెడ కింది భాగం కొసదేలి ఉందా లేదా అన్నదీ చూస్తారు. గీత గీతకీ పేరు పెట్టి, నంబరు వేసి, పటం కట్టి పెట్టుకున్నారు.